పొట్టి మైలు

లైల్ కెఫేలో గల్లాపెట్టె వెనక గోడకు ఒక నల్ల పలక ఉంది. ఆ పలక మీద అందరికన్నా పైన తన పేరు ఉన్నంతకాలం వెర్లిన్ హాగ్‌స్టాడ్‌కి అక్కడి కాఫీ ఎంత నీళ్ళగా ఉన్నా నచ్చేది. బుధవారం పొద్దున ఆరున్నరకు ఆ పలకను గోడ మీంచి దించి, రెండు బల్లలు కలిపి వాటి మీద పరిచి, ఏటేటా చేసే పనికి కూర్చున్నాడు. పాత అంకెలు తుడిచి కొత్తవి రాయాలి. శనివారం ఫలహారాల వేళకి రంగు ఆరిపోవాలి.

పలక మీద తొమ్మిది పేర్లున్నాయి. ఒక్క రోజు కూడా మానకుండా పరిగెత్తేవాళ్ళ పేర్లు. పేరు పక్కన అంకె, ఎన్నేళ్ళుగా అన్నది. అడుగున చిన్న అక్షరాల్లో నియమం: రోజుకు ఒక మైలుకు తగ్గకుండా, ప్రతి రోజూ, కొలిచిన మైలు. ఆ చివరి రెండు మాటలూ వెర్లిన్ తనంతట తనే చేర్చాడు. చేర్చమని అడిగినవాళ్ళు లేరు, తీసెయ్యమని అడిగే ధైర్యం ఉన్నవాళ్ళూ లేరు.

టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో తన ముప్ఫైని తుడిచి ముప్ఫై ఒకటి రాశాడు. కౌంటీ రోడ్ల శాఖలో దారులు కొలిచేదీ, బోర్డులు రాసేదీ అతనే. మణికట్టు కింద పుల్ల ఆనించి, కుంచె పైనుంచి కిందికి ఒక్క లాగులో లాగుతాడు. అరవై మూడేళ్ళొచ్చినా చెయ్యి వణకదు. ఆ సంగతి ఎదుటివాళ్ళు గమనించాలని మాత్రం కాస్త ఆగి ఆగి రాస్తాడు.

తలుపు తోసుకుని ఆర్డిస్ కివెలా వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుంది. కోటు కింద కుడి పక్కను అరచేత్తో నొక్కిపట్టుకుని, రెండో చేత్తో ఫ్లాస్కు లైల్ ముందు పెట్టింది.

"నా ఇరవై ఆరు కాస్త శుభ్రంగా రాయి వెర్లిన్," అంది. "పోయినేడు నా ఐదుకి పొట్ట ఎక్కువైంది. ఆరనుకుని అందరూ ముందే అభినందించారు."

"అద్దాలు పెట్టుకుని చదవమను వాళ్ళని."

లైల్ కాఫీ పోస్తూ నవ్వాడు. పలక మీద మూడో పేరు అతనిదే, పదకొండేళ్ళు. "శనివారం నీ గడ్డురోజు ఏం చెబుతావు ఆర్డిస్?" అని అడిగాడు. ఏటా మార్చి మొదటి శనివారం పాన్‌కేకులు తింటూ ఒక్కొక్కరే లేచి, ఆ ఏడాదిలో తమకు అన్నిటికన్నా కష్టమైన రోజు ఏదో, ఆ రోజు మైలు ఎలా పూర్తి చేశారో చెప్పుకోవడం వాళ్ళ ఆనవాయితీ.

"ఈసారి నాకు పోటీ లేదు," అంది ఆర్డిస్. "రెండు వారాల కిందటి సోమవారం. పొద్దున గాల్ బ్లాడర్ తీసేశారు, సాయంత్రం పరిగెత్తాను. ఆస్పత్రి నడవాలో, సెలైన్ స్టాండు తోసుకుంటూ. ఇరవై రెండు చుట్లు. చుట్టుకి రెండొందల నలభై అడుగులని నర్సు చెప్పింది. ఇరవై రెండు పెట్టి హెచ్చవేస్తే మైలు. అడుగు ఎక్కువ లేదు, అడుగు తక్కువ లేదు."

లైల్ ఈల వేశాడు. వెర్లిన్ కుంచె ఆగింది.

"ఎవరు కొలిచారు?"

"ఏంటి?"

"రెండొందల నలభై అని. నర్సు చెప్పింది సరే, కొలిచిందెవరు?"

ఆర్డిస్ ఫ్లాస్కు మూత చేతిలో పట్టుకుని అతని వైపు తిరిగింది. "కుట్లు పడ్డ పొట్టతో, వెనకాల తాళ్ళు కట్టే గౌనులో పరిగెత్తాను పెద్దమనిషీ. వార్డు వార్డంతా నా వెనక భాగం చూసింది. ఆ సాక్ష్యం చాలదా?"

"వాళ్ళు చూశారు. కొలవలేదు."

"వదిలెయ్ వెర్లిన్, కోత పడిన మనిషి," అన్నాడు లైల్.

"కోత పడితే మైలు తగ్గుతుందా? పలక మీద ఏం రాసుందో చదువుకో." వెర్లిన్ ఆమె పేరు పక్కన ఉన్న ఇరవై ఐదుని గుడ్డతో తుడిచేశాడు. కొత్త అంకె రాయలేదు. "ఖాళీగా ఉంచుతున్నాను. కొలిచాక చూద్దాం."

తుడిచిన చోట నల్లటి తడి మెరుస్తోంది. ఆర్డిస్ దాన్ని కాసేపు చూసింది. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి.

"నిన్న ఎక్కడ పరిగెత్తావు నువ్వు?" అంది. "నిన్న రోడ్డంతా గాజుపలకలా గడ్డకట్టింది. నా బస్సే రెండుసార్లు పక్కకి జారింది."

"పొట్టి మైలు," అన్నాడు వెర్లిన్. మామూలు రోజుల్లో నాలుగు, ఐదు మైళ్ళు పోతాడు. జ్వరమో, తుఫానో, చావో వచ్చిన రోజున మాత్రం ఇంటి ముందు ఉత్తరాల డబ్బా దగ్గర బయల్దేరి టామరాక్ వాగు వంతెన దాకా పోయి, మొదటి స్తంభాన్ని అరచేత్తో కొట్టి వెనక్కి వస్తాడు. ఏడాదికి అలాంటివి పాతిక ముప్ఫై ఉంటాయి. "డబ్బా నుంచి స్తంభానికి అరమైలు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఉక్కు గొలుసు పట్టి కొలిచాను. అంగుళం తేడా లేదు."

"అంగుళం తేడా లేదు," అని ఆర్డిస్ అతని మాటే తిరిగి అంది. ఇంకేదో అనబోయి ఆగింది. ఫ్లాస్కు మూత బిగించుకుని వెళ్ళిపోయింది.

*

అదే రోజు మూడున్నరకు పని దిగి, కొలచక్రం ట్రక్కులో వేసుకుని ముప్ఫై ఎనిమిది మైళ్ళు నడుపుకుంటూ ఆస్పత్రికి పోయాడు వెర్లిన్. కర్రకి చక్రం, పిడి దగ్గర అంకెల డబ్బా. చక్రం దొర్లినకొద్దీ అడుగులు లెక్కవుతాయి. దాన్ని భుజాన వేసుకుని నాలుగో అంతస్తులో లిఫ్టు దిగేసరికి ఎదురుగా కుర్చీలో కూర్చున్న ముసలాయన కాళ్ళు లోపలికి ముడుచుకున్నాడు.

"ఎవరండీ మీరు? నీళ్ళ పైపులకి వచ్చారా?" అని బల్ల వెనక నుంచి నర్సు అడిగింది.

"కొలవడానికి వచ్చాను. ఐదు నిమిషాల పని."

"ఏం కొలవడానికి?"

"మీ నడవా. రెండు వారాల కిందట ఒకావిడ ఇక్కడ పరిగెత్తింది."

నర్సు మొహం విప్పారింది. "ఆర్డిస్! ఆవిడ చుట్టాలా మీరు? ఆ రోజు డ్యూటీ నాదే. పడుకోమని తిట్టాను, డాక్టరుకి చెబుతానని బెదిరించాను, వినలేదు. చివరికి చుట్లు నేనే లెక్కపెట్టాను. పదిహేనో చుట్టులో గోడకి ఆనుకుని వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుని, 'పదిహేనేనా, పదహారా' అని అడిగింది."

"చుట్టుకి రెండొందల నలభై అని మీరే చెప్పారట."

"నిప్పంటుకుంటే బయటికి పోయే దారి పటం ఉందిగా, దాని మీద రాసుంది."

"పటాలు ఆఫీసులో కూర్చుని గీస్తారు," అన్నాడు వెర్లిన్. చక్రం నేల మీద ఆనించి అంకెలను సున్నాకి తిప్పాడు. నర్సుల బల్ల చుట్టూ నడవా నాలుగు మూలలు తిరుగుతుంది. మూల మూలకీ లోపలి అంచుకు జానెడు దూరంలో చక్రాన్ని దొర్లించాడు. ఏ దారి కొలిచినా అతి దగ్గర దారే కొలవాలి. నలభై ఏళ్ళ ఉద్యోగం నేర్పిన చదువు అది.

"ఆవిడ అలా లోపలగా పరిగెత్తలేదండీ," అంది నర్సు వెనకాలే వస్తూ. "మధ్యలో భోజనాల బండ్లుంటాయి. బయటి గోడ పట్టుకునే పరిగెత్తింది. కడ్డీ ఉందిగా, అది పట్టుకుని."

"ఎలా పరిగెత్తిందన్నది ఆవిడిష్టం. కొలత కొలతే."

రెండొందల ముప్ఫై ఆరు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అంతే. చొక్కా జేబులోంచి పెన్సిలు తీసి అరచేతిలో హెచ్చవేశాడు. ఇరవై రెండు చుట్లకి ఎనభై ఎనిమిది అడుగులు తక్కువ.

మనసులో ఒక చల్లటి తృప్తి పాకింది. దాన్ని అతను న్యాయం అనుకున్నాడు. నర్సు మాత్రం అతని మొహం చూసి నవ్వు మానేసింది.

"మీరు ఆవిడ చుట్టాలు కారు కదూ?" అంది. "ఇది జబ్బుమనుషులుండే చోటు. ఆ చక్రం తీసుకుని దయచెయ్యండి."

*

గురువారం పొద్దున నాలుగు మైళ్ళు పరిగెత్తి, స్నానం చేసి, పనికి పోతూ స్కూలు బస్సుల షెడ్డు ముందు ట్రక్కు ఆపాడు. ఆర్డిస్ పొడుగు చీపురుతో బస్సు అద్దం మీది మంచు దులుపుతోంది. చెయ్యి పైకెత్తినప్పుడల్లా పళ్ళు బిగపడుతోంది.

"ఎనభై ఎనిమిది అడుగులు తక్కువ," అన్నాడు వెర్లిన్ కిటికీలోంచి.

ఆర్డిస్ చీపురు దించింది. "పోయావా? నిజంగా అంత దూరం పోయి కొలిచావా?"

"పలక బాధ్యత నాది."

"అప్పగించిందెవరు నీకు? నేను బయటి గోడ వెంబడి పరిగెత్తాను. అది కొలిచావా?"

"దగ్గర దారే కొలవాలి. నియమం."

"ఎవరి నియమం? నువ్వు రాసి, నువ్వు చదివి, నువ్వే తీర్పు చెబుతావు." చీపురుతో బస్సు చక్రాన్ని ఒక్కటి కొట్టింది. "ఇరవై ఆరేళ్ళు వెర్లిన్. మంచులో, వానలో, మా అమ్మ పోయిన రోజున కూడా. ఎనభై ఎనిమిది అడుగులకి తుడిచేస్తావా?"

"నేను తుడవలేదు. నువ్వే ఆపేశావు, ఇంకొక్క చుట్టు తిరక్కుండా."

ఆమె అతని దాకా నడిచి వచ్చింది. ట్రక్కు తలుపు మీద చెయ్యి వేసి నిదానంగా అంది. "నీ చక్రం సరిగ్గా ఉందని నీకేం తెలుసు? ముందు దాన్ని సరిచూసుకో. నీ అంగుళం తేడా లేని అరమైలు ఉందిగా, దాని మీద దొర్లించి చూడు."

"చూస్తాను. చూసి, శనివారం అందరి ముందూ నిన్ను తుడుస్తాను."

"చూడు," అంది ఆర్డిస్. "తప్పకుండా చూడు."

సాయంత్రం ఇంటికి రాగానే, చేతి తొడుగులైనా మార్చుకోకుండా, ఉత్తరాల డబ్బా దగ్గర చక్రం సున్నాకి తిప్పాడు. రోడ్డు తిన్నగా ఉంది, తడిగా ఉంది. తెల్లగీత వెంబడి దొర్లించుకుంటూ పోయాడు. రెండు వేల ఆరొందల నలభై రావాలి. వంతెన స్తంభానికి చక్రం తగిలింది. వంగి చూశాడు.

రెండు వేల నాలుగొందల యాభై నాలుగు.

అంకెల డబ్బాను వేలితో తట్టాడు. చక్రానికి అంటిన బురద గోటితో గీకాడు. వెనక్కి దొర్లించుకొచ్చాడు, మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. నూట ఎనభై ఆరు అడుగులు ఎక్కడో మాయమయ్యాయి.

ముందు అతనికి వచ్చింది కోపమే, అదీ చక్రం మీద. ఆ వెంటనే ఇంకో కోపం. చక్రం తక్కువ చూపిస్తోందంటే ఆస్పత్రిలోనూ తక్కువే చూపించి ఉండాలి. అలాగైతే ఆర్డిస్ మైలు దాటే పరిగెత్తింది. శనివారం అందరి ముందూ ఆమె పేరు పక్కన ఇరవై ఆరు తన చేత్తో రాయాలి, ఆమె చూస్తుండగా.

ట్రక్కు ఎక్కి రోడ్ల శాఖ షెడ్డుకు పోయాడు. షెడ్డు నేల మీద వంద అడుగుల గీత ఉంది, రెండు కొసల్లో ఇత్తడి మేకులతో. చక్రాలు సరిచూసుకోవడానికే దాన్ని వేసి పెట్టారు. గీత మీద దొర్లించాడు. మేకు మీద ఆగేసరికి అంకెల డబ్బాలో సరిగ్గా వంద. రెండోసారి దొర్లిస్తే వంద మీద వెంట్రుకంత కూడా కదల్లేదు.

చక్రం సరిగ్గానే ఉంది.

నేల మీద గొంతుక్కూర్చుని చాలాసేపు ఇత్తడి మేకు వంక చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడం కూడా కాదు, ఎప్పుడూ మరిచిపోలేదు. ఆ సంగతినీ ఈ సంగతినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదంతే. ఆరేళ్ళ కిందట వాగు ముందరి వంపులో కలప లారీలు బోల్తా పడుతున్నాయని రోడ్డు తిన్నగా వేశారు. కొత్త దారికి మేకులు దిగ్గొట్టింది వెర్లినే. గొలుసు ఒక కొస పట్టుకున్నదీ అతనే. పని ముగిశాక కాగితంలో "దారి తగ్గినది 186 అడుగులు" అని పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టిందీ అతనే. ఆ సాయంత్రమే జ్వరంతో ఇంటికొచ్చి, కొత్త తారు వాసనలో పొట్టి మైలు పరిగెత్తి, తన పని ఎంత నున్నగా కుదిరిందో అని మురిసిపోయాడు.

రాకా పోకా కలిపితే మూడొందల డెబ్భై రెండు అడుగులు తక్కువ. ఆర్డిస్‌ది ఒక్క రోజు, ఎనభై ఎనిమిది. తనవి ఆరేళ్ళలో నూటయాభై రోజులకి పైమాటే. ఆ మైలు చివరిసారి పరిగెత్తింది మొన్న మంగళవారం.

*

అతని భార్య కోరీన్ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ విన్నది. చెక్కు తీయడం ఆపలేదు.

"చక్రం పాడైందని చెప్పు," అంది. "ఆర్డిస్ ఇరవై ఆరు ఆమెకుంటుంది, నీ ముప్ఫై ఒకటి నీకుంటుంది. పీడా వదులుతుంది."

"చక్రం పాడవలేదు."

"నాకు తెలుసు, నీకు తెలుసు. ఇంకెవరికి తెలియాలి?"

"అబద్ధం చెప్పమంటావా?"

కోరీన్ కత్తి కింద పెట్టింది. "మా నాన్నని పాతిపెట్టిన రోజు నువ్వు నల్ల సూటూ నల్ల బూట్లూ వేసుకుని ఈ రోడ్డు మీద పరిగెత్తావు. చుట్టాలంతా కిటికీలోంచి చూస్తుంటే నేను కాఫీలు పోస్తూ నిలబడ్డాను. నాలుగేళ్ళయింది. అంటే ఆ రోజుది కూడా లెక్కలోకి రాదన్నమాట."

వెర్లిన్ చేతి తొడుగులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమీ లేనిదానికి ఆ రోజు నా పరువు తీశావన్నమాట," అంది కోరీన్. దుంపలు గిన్నెలో పడేసి నీళ్ళు వదిలింది. గిన్నె నిండి పొర్లుతున్నా కుళాయి కట్టలేదు.

*

శుక్రవారం పొద్దున ఊరివైపు ఐదు మైళ్ళు పరిగెత్తాడు. వంతెన వైపు చూడ బుద్ధి కాలేదు. ఒక్కో అడుగు వేస్తూ చక్రం పాడైందన్న మాట రకరకాలుగా అని చూసుకున్నాడు. 'అంకెల డబ్బాలో పళ్ళు అరిగిపోయాయట.' 'చలికి రబ్బరు బిగుసుకుపోయింది.' ఏదన్నా నమ్ముతారు. నలభై ఏళ్ళుగా కొలతల విషయంలో అతని మాటకి ఎదురు లేదు.

సాయంత్రం పని దిగాక కాళ్ళు తమంతట తామే ఉత్తరాల డబ్బా దగ్గరికి తీసుకుపోయాయి. చక్రం దొర్లించుకుంటూ స్తంభం దాకా పోయాడు, ఆగలేదు, వంతెన దాటాడు. నిజమైన అరమైలు ఎక్కడ పడుతుందో ఒక్కసారి చూద్దామని. అవతలి ఒడ్డున రోడ్డు అంచు మీద నారింజ రంగు గీత ఒకటి ఉంది. గ్యాసు కంపెనీ వాళ్ళు ఏటా వేసిపోయే గీత. తన రోడ్డు మీద తనను అడక్కుండా గీతలేమిటని వెర్లిన్ రెండుసార్లు ఫోన్ చేసి వాళ్ళని కడిగేశాడు. మాది కాదని వాళ్ళు మొత్తుకున్నా నమ్మలేదు.

అంకెలు ఒక్కొక్కటే పెరిగాయి. రెండు వేల ఆరొందల ముప్ఫై. ముప్ఫై ఎనిమిది. చక్రం నారింజ గీత మీదికెక్కింది. రెండు వేల ఆరొందల నలభై.

వంగి చేతి తొడుగుతో మంచు తుడిచాడు. గీత పక్కన, మంచు తోసే బండ్లు గీకేయగా మిగిలిన రంగులో, ఇంత చిన్న అంకె: ½.

వెనక బస్సు ఆగిన చప్పుడైంది. పిల్లలందరినీ దించేసిన ఖాళీ బస్సు. తలుపు తెరుచుకుంది. ఆర్డిస్ స్టీరింగు మీద మోచేతులు ఆనించి కిందికి చూస్తోంది.

"ఇవాళ్టికి కనిపించిందా?" అంది.

"ఇది నువ్వు వేశావా?"

"ఇంకెవరు వేస్తారు? ఆరేళ్ళుగా ఏటా మంచు కరగ్గానే వేస్తున్నాను. నువ్వు వంపు తిన్నగా వేసిన వారానికే, దూరం చూపే నా చేతి గడియారం నీ డబ్బా నుంచి అరమైలు ఇక్కడ చూపించింది. గడియారం చెప్పేది మైలే కాదంటావుగా, అందుకని పది రోజులు పరిగెత్తి చూశాను. పది రోజులూ ఇక్కడే."

"నోరు విప్పి చెప్పొచ్చుగా!"

"నీకా?" ఆర్డిస్ నవ్వింది, ఆ నవ్వులో దయ లేదు. "పోయినేడు నీ పలక మీద కివెలాలో ఒక అక్షరం పోయిందంటే, నా పేరు నాకే సరిగా రాదని వాదించావు. నువ్వు చెప్పించుకునే మనిషివా? రంగుతో రాశాను. రోడ్ల మనిషివి, రోడ్డు మీద రాసింది చదువుకోలేవా?"

వెర్లిన్ గీత మీంచి చక్రం తీశాడు. "మరి పలక దగ్గర ఎందుకు చెప్పలేదు? నన్ను దించితే పైపేరు నీదే అయ్యేది."

"నాకు ఇంకొకళ్ళని తుడిచే సరదా లేదు." ఆమె గేరు మార్చింది. "మొన్నటిదాకా లేదు. మొన్న నా అంకె తుడిచి, ఆ గుడ్డ మడిచి పక్కన పెట్టావు చూడు, అప్పుడు పుట్టింది. రేపు ఏం చెబుతావో వినడానికి ముందు వరసలో కూర్చుంటాను."

తలుపు మూసుకుంది. బస్సు బురద చిమ్ముకుంటూ పోయింది. అతని ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది.

*

శనివారం కెఫే కిక్కిరిసింది. లైల్ పెనం దగ్గర పాన్‌కేకులు తిరగేస్తున్నాడు, మేపుల్ పాకం సీసాలు చేతులు మారుతున్నాయి. పలక బల్ల మీద పడుకోబెట్టి ఉంది. ఆర్డిస్ అన్నట్టే ముందు వరసలో, కోటు విప్పకుండా కూర్చుంది. కోరీన్ వచ్చి తలుపు పక్కన నిలబడింది. ఈ ఫలహారాలకు ఆమె రావడం అదే మొదటిసారి.

లైల్ తన గడ్డురోజు చెప్పాడు: కూతురి పెళ్ళినాడు అద్దె సూటులో పార్కింగ్ స్థలం చుట్టూ పద్నాలుగు చుట్లు. అందరూ బల్లలు చరిచారు. మరో ఇద్దరు చెప్పారు. ఆర్డిస్ వంతు వచ్చింది.

"నాది బుధవారమే చెప్పేశాను," అంది. "తుడిచేశారు కూడా. వెర్లిన్‌ని చెప్పమనండి."

వెర్లిన్ లేచాడు. చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని వచ్చాడు.

"నా గడ్డురోజు మొన్న గురువారం," అన్నాడు. "ఆ రోజు నాలుగు మైళ్ళు పరిగెత్తాను. పరుగు బాగానే సాగింది."

ఎవరో నవ్వారు, హాస్యమనుకుని.

"ఆ సాయంత్రం నా పొట్టి మైలు కొలిచాను. మూడొందల డెబ్భై రెండు అడుగులు తక్కువ. ఆరేళ్ళ కిందట వంపు నేనే కోసేశాను. కోసి, సంతకం పెట్టి, ఆ తగ్గిన దారి మీదే పరిగెత్తుతూ వచ్చాను. చివరిసారి ఈ మంగళవారం."

నవ్విన మనిషి ఫోర్కు కింద పెట్టాడు. పెనం మీద పాన్‌కేకు మాడుతున్నా లైల్ చూడలేదు.

"చక్రం తప్పు చూపించిందేమో," అన్నాడు లైల్. "పాత చక్రం కదా. అలా అనుకుంటే నీకూ, ఆర్డిస్‌కీ..."

తప్పుకునే దారి అక్కడ ఉంది. లైల్ తలుపు తెరిచి పట్టుకున్నట్టే, అడుగు వేస్తే చాలు. గదిలో ప్రతి మొహమూ అతన్ని ఆ అడుగు వేయమనే చూస్తోంది. వెర్లిన్ కోరీన్ వైపు చూశాడు. కోరీన్ మాత్రం చూపు తిప్పుకోలేదు, తల ఊపలేదు.

"చక్రం సరిగ్గానే ఉంది," అన్నాడు.

రంగుల డబ్బా తెరిచాడు. గుడ్డ తడిపి, పలక మీద అన్నిటికన్నా పైనున్న పేరు తుడిచాడు. ముప్ఫై ఒకటి మూడు రోజుల కిందటి రంగు, సులువుగానే పోయింది. పేరు ముప్ఫై ఏళ్ళది, నాలుగుసార్లు రుద్దాల్సి వచ్చింది. గుడ్డ పలక మీద కీచుమంటుంటే గదిలో ఇంకే చప్పుడూ లేదు.

"అయితే పైన ఇప్పుడు నేనా?" అన్నాడు లైల్ బెదురుగా. "నాకొద్దు బాబూ. రేపట్నుంచి నన్ను కొలుస్తావు."

"కొలుస్తాను."

గుడ్డ ఆర్డిస్ పేరు మీదికి వచ్చి ఆగింది. వెర్లిన్ తల ఎత్తకుండా అన్నాడు. "సోమవారం ఆస్పత్రికి పోతాను. బయటి గోడ వెంబడి మళ్ళీ కొలుస్తాను. సరిపోతే నీ ఇరవై ఆరు నీకు రాస్తాను. సరిపోతుందనే అనుకుంటున్నాను."

"అక్కర్లేదు," అంది ఆర్డిస్.

"సరిపోతుందంటున్నాను."

"విన్నాను. నీ నియమం ప్రకారం నా వరస ఆ సోమవారం తెగింది. ఆ మర్నాడు మంగళవారం నుంచి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. నీది మొన్న మంగళవారం తెగింది, ఇవాళ్టికి నాలుగు." ఆమె లేచి వచ్చి బల్ల అంచున నిలబడింది. "ఇరవై ఆరు పెట్టుకుని ఇన్నేళ్ళూ నీ కిందే ఉన్నాను. పందొమ్మిది చాలు నాకు. తుడువు. తుడిచి, నీ చేత్తో రాయి. అన్నిటికన్నా అడుగున. నాది పైన, నీది కింద."

వెర్లిన్ ఆమె పేరు తుడిచాడు. పలక అడుగున, నియమానికి కాస్త పైన, పుల్ల ఆనించి కుంచె ముంచాడు. ఆర్డిస్ కివెలా, 19 రోజులు. రోజులు అన్న మాట ఆ పలక మీద అంతకుముందు రాయాల్సిన పని పడలేదు. దాని కింద తన పేరు, 4 రోజులు. నాలుగు అంకె దగ్గర చెయ్యి వణికింది. అడ్డగీత వంకరపోయింది. తుడిచి మళ్ళీ రాస్తాడని అందరూ చూశారు. అతను కుంచె కడుక్కున్నాడు.

"కివెలాలో అక్షరాలన్నీ ఉన్నాయి," అంది ఆర్డిస్ వంగి చూసి. అంతకన్నా ఏమీ అనలేదు. పోయి తన పాన్‌కేకులు తిన్నది.

*

ఆదివారం పొద్దున సన్నగా మంచు పడుతోంది. వెర్లిన్ ఉత్తరాల డబ్బా దగ్గర బయల్దేరి వంతెన దాకా పోయాడు. స్తంభం దగ్గర పాత అలవాటు కొద్దీ అరచెయ్యి లేచింది. దాన్ని దించుకుని వంతెన దాటాడు. అటునుంచి ఆర్డిస్ వస్తోంది, కుడి పక్క నొక్కిపట్టుకుని, పొట్టి పొట్టి అడుగులు వేస్తూ. ఇద్దరూ నారింజ గీత దగ్గర ఎదురుపడ్డారు. ఇద్దరూ ఆగలేదు.

"ఇరవై," అంది ఆర్డిస్ పక్కనుంచి పోతూ.

వెర్లిన్ గీత మీద కాలు మోపి వెనక్కి తిరిగాడు. అప్పటికే ఆమె వంతెన మధ్యలో ఉంది.

"ఐదు," అన్నాడు.